తోట నమూనా రైలు చిత్రీకరణ

తోట నమూనా రైలు చిత్రీకరణ అనగా ఇంటి పెరటిలోనో, తోటలోనో పరచిన చిన్న పట్టాలపై నడిచే నమూనా రైలును, ముఖ్యముగా ఆ రైలు మీదనే అమర్చిన చిన్న కెమెరాతో, చలనచిత్రముగా తీయడము. ఈ అభిరుచి బ్రిటన్, జర్మనీ, అమెరికా సంయుక్త రాష్ట్రాలు మొదలగు దేశములలో ఎక్కువగా కనిపిస్తుంది. తాళపు చెవుల గుత్తికి తగిలించుకొనే చౌక కెమెరాలు 2000 దశకము చివరిలో మార్కెట్టులోకి రావడముతో ఇది సామాన్యులకు అందుబాటులోకి వచ్చినది. మనిషి నిలబడి చూచినపుడు బొమ్మవలె కనిపించే రైలు మార్గము, పట్టాలకు జానెడు ఎత్తు కూడ లేని చోటి నుండి చూచినపుడు నిజమైన మార్గమువలె కనిపిస్తుంది. పెద్ద కెమెరా చేరలేని ఆ చోటికి చిన్న కెమెరా చేరగలదు. ఇట్లు తీసిన చిత్రము వినోదమునకే గాక, పట్టాలలోని లోపములను కనుగొనుటకు, ఎక్కువ కాలము నిలువని తోట మార్గముల రూపమును భద్రపరచుటకు కూడ ఉపయోగపడుతుంది.

చరిత్ర

కదిలే రైలు నుండి చిత్రములు తీయడము దాదాపు సినిమా అంత పాతది. 1897లో లూమియేర్ సంస్థ ఛాయాగ్రాహకుడు అలెగ్జాండర్ ప్రోమియో, జెరూసలేము స్టేషను నుండి బయలుదేరుతున్న రైలులో కెమెరా ఉంచి, వెనుకకు జరిగిపోయే ప్లాట్‌ఫారమును చిత్రించాడు. ఇంజను ముందు భాగమున కెమెరాను కట్టి తీసిన ఆనాటి చిత్రములను ఆంగ్లములో "ఫాంటమ్ రైడ్" అనేవారు. 1906 ఏప్రిల్‌లో శాన్ ఫ్రాన్సిస్కో నగరపు మార్కెట్ వీధిలో కేబులు కారు ముందు భాగము నుండి ఇటువంటి చిత్రమునే తీశారు. కొద్ది రోజులకే, ఏప్రిల్ 18న, సంభవించిన భూకంపములోను, తరువాతి అగ్నిప్రమాదములోను ఆ వీధిలోని కట్టడములు చాలా వరకు నాశనమైనవి. అందువలన ఆ చిత్రము నేడు అమూల్యమైన చారిత్రక ఆధారము.

నమూనా రైలుపై మోయదగినంత తేలికైన కెమెరాలు చాలా కాలము వరకు చౌకగా లభించలేదు. 2000 దశకము చివరిలో చైనాలో తయారై, కారు తాళపు రిమోటు ఆకారములో ఉండే కెమెరాలు వచ్చినవి. అభిరుచి గలవారు వీటిని "808" అనే అంకెతో పిలిచేవారు. 2013లో వచ్చిన మోబియస్ అనే కెమెరా 1080 గీతల స్పష్టతతో చిత్రించగలిగేది. దాని బరువు సుమారు 40 గ్రాములు మాత్రమే. 2016లో జర్మనీలోని హాంబర్గు నగరమున ఉన్న మినియేచర్ వండర్‌లాండ్ అనే నమూనా రైళ్ళ ప్రదర్శనశాలలోని వీధులను, రైలు మార్గములను చిన్న కెమెరాలతో చిత్రించి గూగుల్ పటములలో చేర్చారు. అయితే అది కప్పు క్రింద ఉన్న ప్రదర్శన. తోటలలో గాలి, వాన, ఎండ కూడ లెక్కలోకి వస్తాయి.

నమూనాల కొలతలు

తోట రైళ్ళలో రెండు గేజిలు ఎక్కువగా వాడుకలో ఉన్నవి.

45 మి.మీ. గేజి: జర్మనీలోని న్యూరెంబర్గుకు చెందిన లేమన్ సంస్థ 1968లో ఎల్.జి.బి. పేరుతో విడుదల చేసిన నమూనాలు ఈ గేజివే. వీటి నిష్పత్తి 1:22.5. 45ను 22.5తో హెచ్చవేసిన 1,012 మి.మీ. పైచిలుకు వస్తుంది. కనుక ఇవి మన దేశములో కూడ ఒకప్పుడు విరివిగా ఉండిన మీటరు గేజికి నమూనాలు.

32 మి.మీ. గేజి: బ్రిటన్‌లో ప్రసిద్ధము. 1:19 నిష్పత్తిలో ఇది రెండు అడుగుల గేజికి, అనగా డార్జిలింగు హిమాలయ రైలు మార్గము వంటి వాటికి, సరిపోతుంది.

అమర్చు విధానము

కెమెరాను సాధారణముగా గోడలు లేని చదునైన సరుకు పెట్టెపై ఉంచి, ఆ పెట్టెను ఇంజనుకు ముందు తగిలించి నెట్టిస్తారు. నిజమైన మీటరు గేజి ఇంజనులో డ్రైవరు కన్ను పట్టాలకు 2.7 మీటర్ల ఎత్తున ఉన్నదనుకుంటే, 1:22.5 నమూనాలో కటకము 12 సెం.మీ. ఎత్తున ఉండవలెను. ఇంతకంటె ఎత్తున ఉంచితే రైలు బొమ్మవలె కనిపించసాగుతుంది.

ముందుకు నెట్టే పెట్టె తేలికగా ఉంటే మలుపులలో పట్టాలు తప్పుతుంది. అందుచేత పెట్టెలో క్రిందుగా ఇనుప ముక్కలో, సీసపు ముక్కలో ఉంచి బరువు పెంచుతారు. కెమెరాను రెండు వైపుల అంటుకొనే స్పాంజి పట్టీతో గాని, రబ్బరు బ్యాండుతో గాని బిగిస్తారు. ఎల్.జి.బి. పట్టాలలో అతి బిగువైన మలుపు వ్యాసార్థము 60 సెం.మీ. మాత్రమే. పొడవైన పెట్టె కొసన కెమెరా ఉంటే అట్టి మలుపులో అది పట్టాల వెలుపలికి పొడుచుకొని వస్తుంది. కనుక పొట్టి పెట్టెను ఎన్నుకొని, కెమెరాను ముందు చక్రములకు సరిగ్గా పైన ఉంచుట మేలు. చిత్రీకరణకు ముందు అదే ఎత్తు గల అట్టముక్కను పెట్టెపై నిలిపి, చేతితో మార్గమంతా నెట్టి, సొరంగములు, వంతెనలు, వంగిన కొమ్మలు తగులుట లేదని నిర్ధారించుకొనవలెను.

వేగము

గంటకు 40 కి.మీ. వేగముతో పోయే రైలును 1:22.5 నమూనాలో చూపుటకు సెకనుకు సుమారు అర మీటరు వేగము చాలును. అంతకు మించిన వేగము కంటికి కృత్రిమముగా తోస్తుంది. కోణము విశాలమైన కటకము వేగమును మరింత ఎక్కువ చేసి చూపుతుంది గనుక, ఇంకను నెమ్మదిగా నడుపుట మంచిది. నమూనా పెట్టె నిజమైన పెట్టె కంటె త్వరత్వరగా ఊగుతుంది. సెకనుకు 60 ఫ్రేములు తీసి, 30 చొప్పున ప్రదర్శించినచో ఆ ఊపు నెమ్మదించి, పెట్టె బరువైనదిగా కనిపిస్తుంది. అప్పుడు రైలును రెట్టింపు వేగముతో నడపవలెను.

స్పష్టత, వెలుతురు

చౌక కెమెరాలోని కాంతి గ్రాహకము చాలా చిన్నది. కటకపు ఫోకస్ స్థిరము. సాధారణ ఛాయాగ్రహణములో ఇది లోపమే గాని, ఇక్కడ మేలు చేస్తుంది. పెద్ద కెమెరాతో దగ్గర నుండి తీసినపుడు ముందు వెనుకలు మసకబారి, ఆ మసకను బట్టి చూచువాడు అది చిన్న వస్తువని గ్రహిస్తాడు. చిన్న గ్రాహకముతో దగ్గరి పొద, దూరపు ప్రహరీ గోడ రెండును స్పష్టముగా ఉంటాయి. కటకమునకు మరీ దగ్గరగా వచ్చు ఆకులు మాత్రము మసకగా పడతాయి.

ఈ కెమెరాలు దృశ్యమును ఒక్కసారిగా గాక వరుస వెంబడి వరుసగా నమోదు చేస్తాయి. కనుక కుదుపు ఎక్కువైనచో బొమ్మ జెల్లీవలె వణకుతుంది. కెమెరా క్రింద మెత్తని స్పాంజి వేసి, పెట్టెకు లోహపు చక్రములు అమర్చిన ఈ దోషము తగ్గుతుంది. సొరంగము నుండి వెలుపలికి రాగానే కెమెరా వెలుతురును సరిచూచుకొనుటకు కొంత సమయము పడుతుంది. మబ్బు పట్టిన రోజు, లేదా ఉదయ సాయంకాలములు అనుకూలము. తేదీని ముందుగా అమర్చకపోతే కొన్ని కెమెరాలలో తప్పు తేదీ చిత్రము మూలన శాశ్వతముగా ముద్రితమవుతుంది.

పట్టాల పరీక్ష

యూరపు, ఉత్తర అమెరికా దేశములలో చలికాలపు మంచుకు నేల ఉబ్బి, పట్టాలు కదులుతాయి. వేరులు, ఎలుకల కలుగులు, వాన కోతలు కూడ ఇట్టి మార్పులు తెస్తాయి. పై నుండి చూచువానికి కనబడని అతుకు వద్ద పల్లము, కెమెరాలో స్పష్టమైన కుదుపుగా నమోదవుతుంది. సెకనుకు అర మీటరు వేగము, 30 ఫ్రేములు అయినచో, ఒక్కొక్క ఫ్రేమునకు రైలు సుమారు 1.67 సెం.మీ. ముందుకు జరుగుతుంది. ఎల్.జి.బి. సాధారణ పట్టా ముక్క పొడవు 30 సెం.మీ. గనుక, సుమారు 18 ఫ్రేములకు ఒక అతుకు వస్తుంది. స్టేషను నుండి అతుకులను లెక్కపెట్టి, లోపమున్న ముక్కను నేలపై గుర్తించవచ్చును. ప్రతి సంవత్సరము ఒకే వేగముతో తీసిన చిత్రములను పోల్చి చూచిన, మార్గము ఎక్కడ క్రుంగుచున్నదో తెలియును.

జాగ్రత్తలు

బ్యుటేను వాయువుతో మండే ఆవిరి ఇంజనుల పొగగొట్టము నుండి నూనె కలిసిన వేడి నీటి తుంపరలు చిమ్ముతాయి. అట్టి ఇంజను వెనువెంట కెమెరా ఉంచితే కటకము మసకబారుతుంది. ముందుగాని, కొన్ని పెట్టెల వెనుకగాని ఉంచవలెను. కెమెరాలోని లిథియం బ్యాటరీని మంటకు, తీవ్రమైన ఎండకు దూరముగా ఉంచవలెను. చాలా చౌక కెమెరాలకు నీటి రక్షణ లేదు. పొరుగువారి ఆవరణ గాని, అతిథుల పిల్లలు గాని చిత్రములో పడినచో, వారి అనుమతి లేనిదే బహిరంగముగా ప్రదర్శించరాదు.

భద్రపరచుట

తోట రైలు మార్గము సాధారణముగా ఒక వ్యక్తి శ్రమతో ఏర్పడినది. ఆ వ్యక్తి వృద్ధుడై నేలకు వంగలేని స్థితికి వచ్చినపుడో, ఇల్లు మారినపుడో, మరణించినపుడో పట్టాలను తీసివేస్తారు. ఇంజనులు అమ్ముడై ఇతరుల తోటలకు చేరవచ్చును గాని, ఆ మలుపులు, చెట్ల నీడలు, చేతితో కట్టిన వంతెనలు తిరిగి రావు. అందుచేత సంగీతము, కత్తిరింపులు కలిపిన చిత్రమునకు తోడుగా, మార్గము మొదటి నుండి చివరి వరకు ఆగకుండ తీసిన ముడి చిత్రమును కూడ, తేదీతోను, స్థలముల పేర్లతోను, రెండు వేర్వేరు చోట్ల దాచి ఉంచుట మంచి పద్ధతి.

ఇవి కూడా చూడండి

మీటరు గేజి
డార్జిలింగు హిమాలయ రైలు మార్గము
ఆవిరి యంత్రము