‘కేంద్రం’ గ్రీకు మాటే! మరి తెలుగు గ్రీకుకు చుట్టమేనా?

చిత్తూరు జిల్లాలోని కుప్పం మూడు రాష్ట్రాల సరిహద్దులకు దగ్గరగా ఉన్న ఊరు. అక్కడి సంతలో తెలుగుతోపాటు తమిళం, కన్నడం కూడా చెవిన పడతాయి. మన ‘పాలు’ తమిళంలో ‘పాల్’, కన్నడంలో ‘హాలు’. మన ‘పులి’ తమిళంలోనూ ‘పులి’యే, కన్నడంలో మాత్రం ‘హులి’. మన ‘పూవు’ తమిళంలో ‘పూ’, కన్నడంలో ‘హూవు’.

గమనించారా? మన ‘ప’ ఉన్నచోట కన్నడంలో ‘హ’ వస్తోంది. ఒక్క మాటలో అయితే కాకతాళీయం అనుకోవచ్చు. ఇన్ని మాటల్లో వరసగా వస్తే కారణం ఉండి తీరాలి. పాత కన్నడంలో ఈ మాటలు ‘ప’తోనే మొదలయ్యేవి. కాలక్రమాన ఆ ‘ప’ ‘హ’గా మారింది. అంటే ఈ మూడు భాషలూ ఒకే తల్లి బిడ్డలన్నమాట.

ఇలాంటి వరసే సంస్కృతానికీ గ్రీకుకూ మధ్య ఉంది. సంస్కృతంలో ‘సప్త’ అంటే ఏడు, గ్రీకులో ‘హెప్తా’. సంస్కృతంలో ‘సమ’, గ్రీకులో ‘హోమోస్’. పాకే ప్రాణి సంస్కృతంలో ‘సర్పం’, గ్రీకులో ‘హెర్పేతోన్’. ఇక్కడ ‘స’కు బదులు ‘హ’ వస్తోంది. లాటిన్‌లో ఏడును ‘సెప్తెమ్’ అంటారు. అంటే లాటిన్, సంస్కృతం పాత ‘స’ను నిలుపుకున్నాయి, గ్రీకు మార్చుకుంది. ఈ మూడూ బహుశా ఇప్పుడు లేని ఒక మూలభాష నుంచి పుట్టి ఉంటాయని విలియం జోన్స్ 1786లో కలకత్తాలో చెప్పాడు. గ్రీకుకు సంస్కృతం తల్లి కాదు, తోబుట్టువు. ఈ కుటుంబానికే ఇండో-యూరోపియన్ అని పేరు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మనం ‘మండల కేంద్రం’ అంటాం, ‘వృత్త కేంద్రం’ అంటాం. ఈ ‘కేంద్రం’ గ్రీకులోని ‘కెంత్రోన్’. సూదిమొన, వృత్తలేఖినిలో కదలకుండా ఉండే ముల్లు అని దాని అర్థాలు. ఖగోళ గణితంతోపాటు అది సంస్కృతంలోకి, అక్కడినుంచి తెలుగులోకి వచ్చింది. పంచాంగంలోని ‘హోర’ కూడా అలా వచ్చిందే. మరి తెలుగు గ్రీకుకు చుట్టమేనా?

కాదు. పక్కింటినుంచి జల్లెడ అరువు తెచ్చుకున్నంత మాత్రాన వాళ్లు మనకు దాయాదులైపోరు కదా! చుట్టరికం తేల్చాలంటే ఇంట్లో పుట్టిన మాటలు చూడాలి. అవయవాలు, చిన్న అంకెలు, ‘నేను’, ‘నువ్వు’ వంటివి సాధారణంగా అరువు రావు. మూడును సంస్కృతంలో ‘త్రయః’, గ్రీకులో ‘త్రేయిస్’ అంటారు. మన ‘మూడు’ కన్నడంలో ‘మూరు’, తమిళంలో ‘మూన్ఱు’. మన ‘కన్ను’ కన్నడంలో ‘కణ్ణు’, తమిళంలో ‘కణ్’. ఎవరు ఎవరి ఇంటివారో తెలిసింది కదూ?

తెలుగులో సంస్కృత పదాలు ఎన్ని ఉన్నా, దాని ధాతువులు తమిళ కన్నడాల ధాతువులతో కలుస్తాయని మద్రాసులో ఉద్యోగం చేసిన ఎల్లిస్ 1816లో నిరూపించాడు. క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి జోడించిన వ్యాసంలో ఆ వివరం ఉంది. 1856లో కాల్డ్వెల్ ఈ కుటుంబానికి ‘ద్రావిడ’ అనే పేరు స్థిరపరచాడు. ఆ పేరుతోనే 1997లో కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం ఏర్పడింది.

ఇక మీ వంతు. పంది, పండు, పది, పల్లు అనే మాటలను కన్నడంలో ఏమంటారో ముందు మీరే ఊహించి రాయండి. తర్వాత కన్నడం తెలిసినవారిని అడిగి సరిచూసుకోండి. మరొక్క ప్రశ్న: మీరు చదువుతున్న ఈ ‘పత్రిక’ను కన్నడంలో ‘పత్రికె’ అంటారు, ‘హత్రికె’ అనరు. ఎందుచేత?