తలుపు తట్టడం నేరమా?

వీధిన పోయే మనిషి ఒకడు మీ ఇంటి ముందు ఆగి తలుపు తట్టాడనుకోండి. "ఎవరది?" అంటే పలకలేదు. సందులోంచి వెళ్ళి పెరటి తలుపు తట్టాడు. తరవాత కిటికీ రెక్కలు ఒక్కొక్కటే తోసి చూశాడు. దేనికి గడియ వున్నదో, దేనికి లేదో చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. గడప లోపల కాలు పెట్టలేదు. పూచికపుల్ల ముట్టుకోలేదు. పట్టుకుని, "ఏమిటయ్యా ఈ పని?" అని నిలేస్తే, "ఊరికే చూశానండీ!" అన్నాడు.

మీరేం చేస్తారు? పొమ్మంటారా? పోలీసులకు కబురు పెడతారా?

కంప్యూటర్ల లోకంలో ఈ ప్రశ్న పాతికేళ్ళకు పైగా న్యాయస్థానాలను వేధిస్తున్నది. అక్కడ ఈ పనికి స్కానింగు అని పేరు. ఆస్పత్రిలో తీసే స్కానింగుకూ దీనికీ చుట్టరికం లేదు. ఎవరి కంప్యూటరుకు ఏయే గుమ్మాలు తెరిచి వున్నవో ఇక్కడ మన గదిలో కూర్చునే వాకబు చేయడం అన్నమాట. మన ఇళ్ళలో ఇంజనీరింగు చదివే అబ్బాయిలూ అమ్మాయిలూ ఎందరో ఈ విద్య నేర్చుకుంటున్నారు. విద్య మంచిదే. కాని ఎవరి తలుపు తడుతున్నామన్నది ఆలోచించకపోతే, చదువు పూర్తయ్యేలోగా వకీలు ఇంటికి తిరగవలసి వస్తుంది. అందువల్ల ఈ సంగతి పిల్లలకే కాదు, పెద్దలకూ తెలిసి వుండడం మంచిది.

అరవై అయిదు వేల గుమ్మాలు

ఇంటర్నెట్టుకు తగిలించిన ప్రతి కంప్యూటరుకూ ఇంటి నెంబరు వంటి చిరునామా ఒకటి వుంటుంది. ఆ చిరునామాలో 65,536 గుమ్మాలు వుంటాయి. వాటినే పోర్టులంటారు. ఒక్కొక్క గుమ్మానికి ఒక్కొక్క పని అప్పగించారు. ఉత్తరాలు పుచ్చుకోవడానికి 25వ గుమ్మం. వెబ్‌సైటు చూపించడానికి 80. బ్యాంకు లావాదేవీల వంటి గుట్టు వ్యవహారాలకు 443. దూరాన వున్న ఉద్యోగి లోపలికి వచ్చి మరమ్మతులు చేయడానికి 22.

స్కానింగు చేసే ప్రోగ్రాము ఒక్కొక్క గుమ్మం దగ్గరకూ వెళ్ళి, "మాట్లాడవచ్చునా?" అని చిన్న సంకేతం పంపుతుంది. "రండి" అని జవాబు వస్తే గుమ్మం తెరిచి వున్నట్టు. "ఇక్కడెవరూ లేరు" అని వస్తే మూసి వున్నట్టు. ఏ జవాబూ రాకపోతే మధ్యలో కాపలావాడు వున్నాడని అర్థం. ఈ పనికి ప్రపంచమంతా వాడే ఎన్‌మ్యాప్ అనే ప్రోగ్రామును గోర్డన్ లయన్ అనే అమెరికన్ 1997 సెప్టెంబరులో ఉచితంగా విడుదల చేశాడు. 2003లో వచ్చిన "మేట్రిక్స్ రీలోడెడ్" సినిమాలో కథానాయిక విద్యుత్కేంద్రం కంప్యూటరులోకి చొరబడే ముందు వాడేది ఇదే. 2013లో మిచిగన్ విశ్వవిద్యాలయం వారు తయారు చేసిన జెడ్‌మ్యాప్ అయితే, నాలుగో తరహా చిరునామాలన్నింటినీ, అంటే భూగోళం మీది కోట్లాది కంప్యూటర్లను, ఒక గుమ్మం చొప్పున ముప్పావు గంటలోపల తట్టి రాగలదు.

కత్తి వంటిదే ఇదీను. వంటింట్లో కూర తరిగేదీ కత్తే, చీకట్లో మెడ మీద పెట్టేదీ కత్తే. ఆఫీసులో కంప్యూటర్లను కాపాడే ఉద్యోగి పొద్దున లేవగానే చేసే పని తన గుమ్మాలు తాను తట్టి చూసుకోవడం. దొంగ చేసే మొదటి పనీ అదే. అవతలివాడికి మాత్రం తలుపు చప్పుడే వినిపిస్తుంది గాని, తట్టినవాడి మనస్సు కనిపించదు.

గెలిచి నష్టపోయిన మనిషి

అమెరికాలో జార్జియా రాష్ట్రాన చెరొకీ కౌంటీ అని ఒక జిల్లా వుంది. మనకు 112 ఎటువంటిదో, ఆపద వేళ అమెరికన్లకు 911 అటువంటిది. ఆ జిల్లా 911 కేంద్రంలో కంప్యూటర్ల బాగోగులు చూడడానికి ఒక నిపుణుడు కాంట్రాక్టు కుదుర్చుకున్నాడు. కేంటన్ పట్టణం పోలీసు కార్యాలయాన్ని ఈ కేంద్రంతో కలపవలసిన పని వచ్చింది. కలిపితే ఏ కన్నంలోంచి ఏ పాము దూరుతుందో అన్న భయం కొద్దీ, 1999 డిసెంబరులో అతను చుట్టుపక్కల గుమ్మాలు తట్టి చూడడం మొదలుపెట్టాడు. అట్లా తడుతూ తడుతూ జిల్లా వెబ్‌సైటు వున్న కంప్యూటరు దగ్గరకు వచ్చాడు. దాన్ని చూసుకునేది వేరే కంపెనీ. వాళ్ళు చప్పుడు విని, ఎవరు నువ్వని అడిగారు. అతను వెంటనే ఆపేసి, తాను 911 కేంద్రానికి పనిచేస్తున్నానని సమాధానం చెప్పాడు.

అంతటితో పోవలసిన వ్యవహారం పోలేదు. కంపెనీ పోలీసులకు ఫిర్యాదు చేసింది. కాంట్రాక్టు పోయింది. కొద్దివారాలకు రాష్ట్ర నేరపరిశోధక శాఖవారు వచ్చి అతన్ని అరెస్టు చేశారు. అతను కంపెనీ మీద దావా వేశాడు. కంపెనీ అతని మీద ఎదురు దావా వేసింది. 2000 నవంబరులో ఫెడరల్ న్యాయస్థానం తీర్పు చెప్పింది: గుమ్మాలు తట్టినందువల్ల కంప్యూటరు చెడలేదు, లోపలి సమాచారం చెదరలేదు, ఎవరు తట్టారో ఆరా తీయడానికి కంపెనీ వెచ్చించిన కాలాన్ని చట్టం చెప్పే నష్టం కింద జమకట్టడానికి వీలులేదు. క్రిమినల్ కేసు కూడా తరవాత వీగిపోయింది.

గెలిచాడు గదా, ఇంకేం అంటారా? వకీళ్ళ ఫీజులు లక్ష డాలర్లు దాటాయి. పని పోయింది, పేరు పోయింది, కంటికి కునుకు పోయింది. న్యాయస్థానం నిర్దోషి అన్నది. కాని ఆ మాట వినడానికి అతను కట్టిన వెల ఎవరూ తిరిగి ఇవ్వలేదు. ఈ కథలో నీతి అంతా ఇక్కడే వున్నది.

దేశానికో తీర్పు

1998లో నార్వే సుప్రీంకోర్టు, ఇంటర్నెట్టులో పెట్టిన కంప్యూటరు గుమ్మం తట్టి చూడడం అంతమాత్రాన నేరం కాదన్నది. 2004 ఫిబ్రవరి 29న జెరూసలెంలో ఒక న్యాయమూర్తి, ఇజ్రాయెల్ గూఢచారి సంస్థ మొసాద్ వెబ్‌సైటును తట్టి చూసిన యువకుణ్ణి విడిచిపెట్టాడు. సదుద్దేశంతో చేసే ఇటువంటి పరీక్షలను నిరుత్సాహపరచరాదని కూడా అన్నాడు.

ఇవి చూసి ధైర్యం తెచ్చుకుంటే పొరపాటే. 2003లో ఫిన్లండు సుప్రీంకోర్టు పూర్తిగా ఎదురు తీర్పు ఇచ్చింది. పదిహేడేళ్ళ వయస్సులో ఒక బ్యాంకు గుమ్మాలు తట్టినవాడు చొరబడడానికి ప్రయత్నించినట్టేనని నిర్ణయించి, బ్యాంకువారి విచారణ ఖర్చులు అతని చేత కట్టించింది. లోపలికి పోలేదన్న వాదన చెల్లలేదు.

లండన్ కథ ఇంకా జాలిగొలిపేది. 2004 డిసెంబరు సునామీలో మన తీరం కూడా అల్లకల్లోలమైంది గదా! ఆ బాధితుల కోసం బ్రిటనులో ఇంటర్నెట్టు మీద చందాలు పోగుచేశారు. కంప్యూటరు భద్రత తెలిసిన ఒక ఉద్యోగి 30 పౌన్లు చందా ఇచ్చాడు. రావలసిన జవాబు రాకపోయేసరికి, ఇది దొంగ సైటేమో, నా కార్డు నెంబరు కాజేశారేమో అన్న అనుమానం పుట్టింది. చిరునామా గడిలో నాలుగు గుర్తులు అటూ ఇటూ కొట్టి చూశాడు. చొరబాటు ప్రయత్నమని అవతల గంట మోగింది. 2005 అక్టోబరులో న్యాయమూర్తి విచారం వెలిబుచ్చుతూనే 400 పౌన్లు జరిమానా, 600 పౌన్లు ఖర్చులు విధించాడు. ఉద్యోగమూ పోయింది. చందా ఇచ్చిన చేతికే సంకెల! తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని మన పెద్దలు ఊరికే అనలేదు.

తడితే ఊడిన తలుపులు

"చట్టం సంగతి సరే, తడితే పోయేదేమిటి?" అని చురుకైన కుర్రవాడు అడుగుతాడు. చాలా చోట్ల ఏమీ పోదు. కాని అన్ని తలుపులూ టేకువి కావు.

కర్మాగారాల్లో, గ్యాసు గొట్టాల దగ్గర యంత్రాలను నడిపే పాతకాలపు కంప్యూటర్లు తమకు తెలిసిన నాలుగు మాటలకు తప్ప జవాబు చెప్పలేవు. కొత్త మనిషి పలకరిస్తేనే బిక్కచచ్చిపోతాయి. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్ తన మార్గదర్శక గ్రంథంలో మూడు సంఘటనలు ఉదాహరించింది. ఒకచోట ఏయే యంత్రాలు మేలుకుని వున్నాయో చూద్దామని వరసగా పలకరిస్తూ పోతే, అప్పటిదాకా కదలక మెదలక వున్న తొమ్మిది అడుగుల ఇనుప చెయ్యి ఒకటి గిర్రున అర్ధ ప్రదక్షిణం చేసింది. గదిలో వున్న మనిషి దాని అందుబాటులో లేడు గనుక బతికిపోయాడు. ఇంకొకచోట ఫ్యాక్టరీలో ఎన్ని కంప్యూటర్లున్నాయో లెక్క రాసుకోవడానికి అదే పని చేస్తే, చిప్పులు తయారుచేసే యంత్రం కొయ్యబారిపోయి 50,000 డాలర్ల సరుకు పాడైంది. మూడోచోట గ్యాసు కంపెనీ తానై పిలిపించుకున్న పరీక్షకులే, చెప్పిన హద్దు దాటి, యంత్రాలను నడిపే భాగంలోకి పోయారు. నాలుగు గంటలసేపు గొట్టాల్లో గ్యాసు పారలేదు.

ఈ ముగ్గురిలో ఎవరూ దొంగలు కారు. పిలిచి పని చెప్పినవాళ్ళ చేతుల్లోనే ఇంత జరిగితే, ఎక్కడో హాస్టలు గదిలో కూర్చుని, అవతల వున్నది చందమామ కథల సైటో, ఆస్పత్రి యంత్రమో తెలియకుండా తట్టే చేతి మాటేమిటి?

మన చట్టం మాట

మన దేశంలో 2000 సంవత్సరపు ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ చట్టం వున్నది. 2008లో దాన్ని సవరించారు. అందులో ప్రవేశం అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం చూడండి: కంప్యూటరు లోపలికి పోవడమే కాదు, దానికి ఆజ్ఞ ఇవ్వడమూ, దానితో సంభాషించడమూ కూడా ప్రవేశమే. తలుపు తట్టి జవాబు పుచ్చుకోవడం సంభాషణే గదా అని ఫిర్యాదీ తరపు వకీలు వాదిస్తే, కాదని నెగ్గడం సులువు కాదు.

యజమాని అనుమతి లేకుండా ప్రవేశిస్తే 43వ సెక్షను కింద నష్టపరిహారం ఇచ్చుకోవాలి. ఆ పనినే దురుద్దేశంతోనో, మోసపు తలంపుతోనో చేస్తే 66వ సెక్షను ప్రకారం మూడేళ్ళ దాకా ఖైదు, లేదా అయిదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూను. ప్రభుత్వం రక్షిత వ్యవస్థలుగా ప్రకటించిన కీలకమైన కంప్యూటర్లున్నాయి. వాటి విషయంలో 70వ సెక్షను ప్రకారం ప్రయత్నం కూడా నేరమే. శిక్ష పదేళ్ళ దాకా వుంటుంది.

కేంద్ర ప్రభుత్వపు కంప్యూటరు భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఉత్తర్వుల ప్రకారం, సంస్థలు తమకు కలిగిన కొన్ని రకాల ఉపద్రవాలను ఆరు గంటల్లోగా తెలియజేయాలి. ఆ జాబితాలో మొట్టమొదటిదే కీలకమైన కంప్యూటర్లను గురిపెట్టి స్కాను చేయడం! మనం వినోదమనుకున్నది అవతలివారికి ఢిల్లీకి కబురు పెట్టవలసిన విషయమన్నమాట.

ఇంకొక సంగతి. ఇంట్లో ఇంటర్నెట్టు కనెక్షను సాధారణంగా తండ్రి పేరునో తల్లి పేరునో వుంటుంది. తట్టిన చెయ్యి కొడుకుదే కావచ్చు. మొదట దొరికే చిరునామా మాత్రం నాన్నగారిది.

మరి నేర్చుకునేదెట్లా?

భయపడి విద్య మానేయమని కాదు. కాపలా నేర్చినవాళ్ళు లేకపోతే ఇల్లు దొంగల పాలవుతుంది. దారులున్నాయి. మీ ఇంట్లో వున్న సొంత కంప్యూటర్లను ఎంతసేపైనా తట్టుకోవచ్చు. ఒకే కంప్యూటరులో నాలుగు ఉత్తుత్తి కంప్యూటర్లు సృష్టించి, వాటి మధ్యనే దొంగ-పోలీసు ఆట ఆడుకోవచ్చు. ఎన్‌మ్యాప్ వారే అభ్యాసం కోసం స్కాన్‌మీ అనే కంప్యూటరును ఇంటర్నెట్టులో వుంచి, మితంగా తట్టుకోమని అందరికీ అనుమతి ఇచ్చారు. తప్పులు పట్టి చెప్పినవారికి బహుమతులిచ్చే కంపెనీలూ వున్నాయి. అవి ఏ గుమ్మాలు తట్టవచ్చునో, ఏవి తట్టకూడదో ముందే రాసి పెడతాయి. ఆ నిబంధనలు చివరి అక్షరం దాకా చదవాలి. అనుకోకుండా ఎవరి కంప్యూటరులోనైనా లోపం కనిపిస్తే, ఇంకా లోతుకు తవ్వకుండా సెర్ట్-ఇన్ వారికి తెలియజేయవచ్చు.

పరాయి కంప్యూటరు తట్టవలసి వస్తే కాగితం కావాలి. "మా మామయ్య ఆ ఆఫీసులోనే పనిచేస్తాడు, సరేనన్నాడు" అంటే చాలదు. ఎవరి కంప్యూటర్లు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏం చేయవచ్చు, ఏం చేయకూడదు, గడబిడ అయితే ఎవరికి ఫోను చేయాలి అన్నవన్నీ రాయించి, అధికారం వున్నవారి సంతకం తీసుకోవాలి. అధికారం వున్నవారెవరో తేల్చుకోవడం కూడా ముఖ్యమే. 2019 సెప్టెంబరులో అమెరికాలో అయోవా రాష్ట్ర న్యాయశాఖ, భద్రత పరీక్షించమని ఇద్దరు నిపుణులను నియమించింది. వాళ్ళు అర్ధరాత్రి ఒక జిల్లా కోర్టు భవనంలోకి ప్రవేశించారు. చేతిలో కాగితం వున్నది. కాని ఆ భవనం రాష్ట్రానిది కాదు, జిల్లాదని అక్కడి పోలీసు అధికారి ఇద్దరినీ అరెస్టు చేయించాడు. కేసు ఎత్తివేసేసరికి 2020 జనవరి వచ్చింది. కాగితం వున్నవాళ్ళ పాటే అది. లేనివాళ్ళ పాట్లు ఊహించుకోవచ్చు.

మీ అబ్బాయి రాత్రి పొద్దుపోయేదాకా నల్లని తెర ముందు కూర్చుని తెల్లని అక్షరాలు చూసి మురిసిపోతుంటే కోప్పడకండి. పక్కన కూర్చుని ఒక్క మాట అడగండి: "నాయనా, నువ్వు తడుతున్న ఇల్లు ఎవరిది? వాళ్ళను అడిగావా?" సరైన జవాబు వస్తే నిశ్చింతగా పడుకోవచ్చు. రాకపోతే, ఆ పూటకు కంప్యూటరు కట్టేయించి, రేపు కాగితం సంపాదించాకనే మొదలుపెట్టమనండి.