ధ్యానమంటే ఒక్కటి కాదు!

శ్వాసను గమనించేది ఒకటి. మంత్రాన్ని జపించేది మరొకటి. ఎదుటివారి మేలు కోరేది ఇంకొకటి. అన్నింటినీ ‘ధ్యానం’ అనే పిలుస్తాం. కానీ ఒంటి మీద, మనసు మీద, ‘నేను’ అనే భావన మీద అవి చూపే ప్రభావం ఒకేలా ఉండదు.

బీపీ కాస్త ఎక్కువగా ఉందనో, నిద్ర పట్టడం లేదనో డాక్టరు దగ్గరికి వెళ్తే చివర్లో ఒక మాట తప్పక వినిపిస్తుంది: ‘కాస్త ధ్యానం చేయండి’. మీరూ తలూపి వచ్చేస్తారు. అదే డాక్టరు ‘ఏదో ఒక మాత్ర వేసుకోండి’ అంటే ఊరుకుంటారా? ఏ మాత్ర, ఎంత మోతాదు, తిండికి ముందా తర్వాతా అని గుచ్చి గుచ్చి అడుగుతారు. ధ్యానం విషయంలోనూ ఇవే ప్రశ్నలు అడగాలి. ఎందుకో గానీ ఎవరూ అడగరు.

నిజామాబాద్, బోధన్ వాళ్లకైతే ఇది మరీ దగ్గరి ప్రశ్న. ఈ రెండు ఊళ్ల మధ్య ఎడపల్లి మండలం పోచారంలో ‘ధమ్మ నిజ్ఝాన’ విపశ్యన కేంద్రం ఉంది. ‘శ్వాస మీద ధ్యాస’ అనే మాటను తెలుగు ఊళ్లన్నింటికీ చేర్చిన సుభాష్ పత్రి 1947లో పుట్టింది బోధన్ శక్కర్‌నగర్‌లోనే. చక్కెర ఫ్యాక్టరీ చుట్టూ పెరిగిన ఆ కాలనీ నుంచి వచ్చిన ఆయన, 1990లో కర్నూలులో తన ధ్యాన ఉద్యమాన్ని మొదలుపెట్టారు. 2022లో కన్నుమూశారు. ఇక ఇంటి దేవుడి గదిలో జపమాల తిప్పే అమ్మమ్మలు, కంఠేశ్వర్ గుడిలో శివ పంచాక్షరి చదివేవాళ్లు, దర్గాల్లో జిక్ర్ చేసేవాళ్లు ఎలాగూ ఉన్నారు. ధ్యానం కోసం హిమాలయాలకు పోవాల్సిన పనిలేదు. ఇన్ని ఉన్నప్పుడు మీకు ఏది నప్పుతుందన్నదే అసలు చిక్కు.

మొదలు ఒకటే, దారులు వేరు

పత్రి నేర్పిన పద్ధతి చాలా తేలిక. సుఖంగా కూర్చోవాలి. చేతివేళ్లలో వేళ్లు కలపాలి. కళ్లు మూసుకుని సహజంగా జరిగే శ్వాసను గమనిస్తూ ఉండాలి. వయసు ఎంతో అన్ని నిమిషాలు చేయమంటారు. దీన్నే ఆనాపానసతి అంటారు. శ్వాసను గమనించడం వల్ల ఉపయోగం ఉందని చెప్పే పరిశోధనలు చాలానే ఉన్నాయి. పిరమిడ్ కింద కూర్చుంటే అది ఇంకా పెరుగుతుందన్న మాటకు మాత్రం శాస్త్రీయ ఆధారం లేదు. కాబట్టి మేడ మీద పిరమిడ్ కట్టించే ఖర్చు గురించి ఆలోచిస్తుంటే ఆ డబ్బు దాచుకోండి. చాప చాలు.

విపశ్యన కూడా శ్వాసతోనే మొదలవుతుంది. బర్మాలో పుట్టి పెరిగిన ఎస్.ఎన్.గోయెంకా 1969లో దీన్ని భారత్‌కు తెచ్చారు. పది రోజుల శిబిరంలో మొదటి మూడు రోజులు శ్వాస మీదే ధ్యాస. నాలుగో రోజు నుంచి తల నుంచి కాలి వేళ్ల దాకా శరీరంలో కలిగే స్పర్శలను ఒక్కొక్కటిగా గమనిస్తారు. నొప్పి వచ్చినా, దురద పుట్టినా, హాయిగా అనిపించినా ‘ఇదీ పోయేదే’ అన్నట్టు చూడాలి. పదో రోజున అందరి మేలూ కోరే మైత్రీ భావన నేర్పుతారు. తెల్లవారుజామున నాలుగింటికే గంట మోగుతుంది. రోజుకు దాదాపు పది గంటలు కూర్చోవాలి. ఫోన్ అప్పగించాలి. పదో రోజు దాకా తోటివారితో మాటా ఉండదు, సైగా ఉండదు. రుసుము లేదు. ముందు శిబిరాలు పూర్తిచేసినవారి విరాళాలతోనే ఇది నడుస్తుంది.

చూశారుగా, ఒకటి ఇంట్లో రోజూ నలభై నిమిషాల పని. ఇంకోటి పది రోజుల్లో దాదాపు వంద గంటలు. రెండింటికీ పేరు ధ్యానమే. మోతాదులో మాత్రం బీపీ మాత్రకూ సర్జరీకీ ఉన్నంత తేడా ఉంది.

జపం సంగతి వేరు. ఇటలీలో లూచియానో బెర్నార్డి బృందం 23 మంది ఆరోగ్యవంతుల చేత క్రైస్తవుల రోజరీ ప్రార్థననూ, ‘ఓం మణి పద్మే’ మంత్రాన్నీ చదివించి చూసింది. ఆ ఫలితాలు 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. రెండింటిలోనూ శ్వాస తనంతట తానే నిమిషానికి ఆరుసార్లకు నెమ్మదించింది. ఈ వేగంలో గుండె, రక్తనాళాలు ఒకదానితో ఒకటి చక్కగా సర్దుకుంటాయి. రక్తపోటును అదుపులో ఉంచే వ్యవస్థ చురుగ్గా పనిచేస్తుంది. దేవుడు ఎవరైనా ఊపిరి లెక్క ఒకటే అన్నమాట. అమ్మమ్మ జపాన్ని ‘అదేం ధ్యానం’ అని తీసిపారేయకండి. కూర్చోవడం కష్టంగా ఉన్నవారికి, ఆలోచనలు తెగ ముసిరేవారికి శ్వాసను గమనించడం కన్నా జపమే తేలికవుతుంది.

లైప్‌జిగ్‌లో తొమ్మిది నెలలు

వేర్వేరు ధ్యానాలను పక్కపక్కన పెట్టి చూసిన పరిశోధనలు తక్కువ. వాటిలో పెద్దది జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థలో తానియా సింగర్ నడిపిన ‘రిసోర్స్’ ప్రాజెక్టు. మూడు వందల మందికి పైగా మామూలు మనుషులకు తొమ్మిది నెలల పాటు మూడు రకాల సాధన నేర్పారు. ఒక్కోటి మూడు నెలలు. మొదటిది శ్వాసనూ శరీరాన్నీ గమనించడం. రెండోది ప్రేమ, కృతజ్ఞత, కరుణలను పెంచుకోవడం. మూడోది మన ఆలోచనలను మనమే దూరం నుంచి చూడటం, ఎదుటివారి కోణంలోంచి ఆలోచించడం.

ఫలితాలు చూసి పరిశోధకులే ఆశ్చర్యపోయి ఉంటారు. శ్వాస సాధనతో ఏకాగ్రత పెరిగింది. రెండోదానితో కరుణ పెరిగింది. మూడోదానితో ఎదుటివారి మనసును అర్థం చేసుకునే శక్తి పెరిగింది. ఏది సాధన చేస్తే అదే వచ్చింది. మెదడులో మార్పులు కూడా ఒక్కో సాధనకు ఒక్కో చోట కనిపించాయి.

అసలు విషయం ఒత్తిడి దగ్గర తేలింది. వీళ్లను పరీక్షకుల ముందు నిలబెట్టి ప్రసంగం చేయించారు, నోటిలెక్కలు చెప్పించారు. ఆ సమయంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ ఎంత పెరిగిందో కొలిచారు. శ్వాస సాధన ఒక్కటే చేసినవారు ‘మాకు ఒత్తిడి తగ్గింది’ అన్నారు. కార్టిసాల్ మాత్రం తగ్గలేదు! కరుణ, ఎదుటివారి కోణం నేర్చుకున్నవారిలో అది 51 శాతం దాకా తగ్గింది. ఈ ఫలితం 2017లో వెలువడింది. అయితే వెంట్రుకల్లో పేరుకున్న కార్టిసాల్‌ను కొలిస్తే, అంటే నెలల తరబడి ఉండే ఒత్తిడిని చూస్తే, ఆరు నెలల సాధన తర్వాత అది సగటున పాతిక శాతం తగ్గినట్టు తేలింది. అక్కడ సాధన ఏ రకమన్నది పెద్దగా లెక్కలోకి రాలేదు.

దీన్ని మన ఇంటికి అన్వయించుకోండి. మీ ఒత్తిడి ఎక్కడి నుంచి వస్తోంది? ఆఫీసు పైఅధికారి, ఆడపడుచు, అల్లుడు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్... చాలామందికి ఒత్తిడి మనుషుల నుంచే వస్తుంది. అలాంటప్పుడు కళ్లు మూసుకుని శ్వాసను చూడటంతోనే ఆపేస్తే సగం పనే అయినట్టు. మనుషులతో ఎలా ఉండాలో నేర్పే సాధన కూడా తోడవ్వాలి.

ఇంతకీ ‘నేను’ ఎవరు?

బోధన్ నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో మొదలైంది. ఆసియాలోనే పెద్దదని పేరు తెచ్చుకుంది. 2015 డిసెంబరులో లే ఆఫ్‌తో మూతపడింది. అలాంటి చోట ముప్ఫై ఏళ్లు పనిచేసిన మనిషిని ‘మీరెవరు?’ అని అడిగితే పేరుకన్నా ముందు ఫ్యాక్టరీ పేరే వచ్చేది. ఫ్యాక్టరీ పోతే జీతమొక్కటే పోదు, ‘నేను ఫలానా’ అనే మాట కూడా పోతుంది. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడికీ, పిల్లలు విదేశాలకు వెళ్లిపోయిన తల్లికీ ఇదే వెలితి.

కెనడాలోని టొరంటోలో నార్మన్ ఫార్బ్ బృందం 2007లో ఈ ‘నేను’నే స్కానింగ్‌లో చూసింది. మనలో రెండు ‘నేను’లు ఉంటాయని వాళ్ల వివరణ. ఒకటి కథ చెప్పే నేను: ‘నాకు అన్యాయం జరిగింది, రేపు ఏమవుతుందో’ అంటూ నిన్నటికీ రేపటికీ ముడివేస్తుంది. రెండోది ఇప్పుడు అనుభవిస్తున్న నేను: టీ వేడి, కాళ్ల కింద నేల, ఊపిరి. మామూలుగా ఈ రెండూ కలగాపులగంగా ఉంటాయి. ఎనిమిది వారాల శిక్షణ తీసుకున్నవారిలో మాత్రం వీటిని విడదీసే శక్తి మెదడులోనే కనిపించింది. కథ ఆగిపోదు. కథను కథగా చూడటం వస్తుంది.

ఈ ‘నేను’ దగ్గరే పద్ధతులు పూర్తిగా విడిపోతాయి. విపశ్యన ‘స్థిరమైన నేను అంటూ లేదు, చూసుకో’ అంటుంది. బ్రహ్మకుమారీల రాజయోగం కళ్లు తెరిచే చేస్తారు. ‘నేను దేహాన్ని కాదు, ఆత్మను’ అనే భావనను గట్టిపరుస్తుంది. ఒకటి నేనును కరిగిస్తుంది, ఒకటి దానికి కొత్త చిరునామా ఇస్తుంది. ఏది నిజమో తేల్చడం వైద్యశాస్త్రం పని కాదు. కానీ ఉద్యోగమో, మనిషో పోయి ఇప్పటికే ఖాళీగా అనిపిస్తున్నవారికి ‘నువ్వే లేవు’ అనే మాట హాయినివ్వచ్చు, భయపెట్టనూ వచ్చు. పట్టుకోవడానికి ఏదో ఒకటి ఇచ్చే సాధనతో వీళ్లు మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం. జపం కానీ మైత్రీ భావన కానీ.

ధ్యానంతో అహం తగ్గుతుందనేదీ పూర్తి నిజం కాదు. జర్మనీ పరిశోధకుడు యోఖెన్ గెబావర్ బృందం 93 మంది యోగా అభ్యాసకులనూ, 162 మంది ధ్యానులనూ పరిశీలించి 2018లో ఒక చిత్రమైన సంగతి బయటపెట్టింది. సాధన తర్వాత ‘నేను మిగతావారికన్నా మెరుగు’ అన్న భావన తగ్గకపోగా పెరిగింది! శిబిరం నుంచి వచ్చీ రాగానే ఇంటిల్లిపాదికీ ఉపన్యాసాలిచ్చే బంధువు మీకూ ఒకరు ఉండే ఉంటారు. సాధన పనిచేస్తోందో లేదో తెలుసుకోవాలంటే మిమ్మల్ని మీరు అడక్కండి. ఇంట్లోవాళ్లను అడగండి.

ఎవరు జాగ్రత్తపడాలి?

ధ్యానం వల్ల నష్టమేముంది అనుకోవద్దు. 2020లో 83 అధ్యయనాలను కలిపి చూస్తే సుమారు 8 శాతం మందికి ఏదో ఒక ఇబ్బంది కలిగినట్టు తేలింది. ఎక్కువగా ఆందోళన, దిగులు. మానసిక చికిత్సల్లోనూ దాదాపు ఇంతే ఉంటుంది కాబట్టి బెంబేలు పడక్కర్లేదు. అయితే అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 60 మంది ధ్యానులను ఇంటర్వ్యూ చేసి 2017లో ప్రచురించిన వివరాల్లో, తన శరీరం తనది కానట్టు, తనకూ లోకానికీ మధ్య గీత చెరిగిపోయినట్టు అనిపించి నెలల తరబడి సతమతమైనవారు ఉన్నారు. దీర్ఘ శిబిరాల్లో ఇలాంటివి మొదలవడం ఎక్కువ.

స్కిజోఫ్రేనియా, బైపోలార్, తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవారు, ఇటీవలే పెద్ద దుఃఖంలో పడ్డవారు సైకియాట్రిస్టును అడగకుండా పది రోజుల మౌనానికి వెళ్లొద్దు. విపశ్యన దరఖాస్తులోనే మానసిక ఆరోగ్యం గురించి అడుగుతారు. పెళ్లి సంబంధాల్లో దాచినట్టు అక్కడ దాచకండి. ‘వెళ్లొస్తే మాత్రలు మానేయొచ్చు’ అని ఎవరు చెప్పినా వినొద్దు. అమెరికాలో ఆందోళన రుగ్మతలున్న 276 మందిపై జరిగి, 2022లో ఫలితాలు వెలువడిన పరీక్షలో ఎనిమిది వారాల ధ్యాన శిక్షణ ఎస్సిటలోప్రామ్ మాత్రకు దీటుగా పనిచేసిన మాట నిజమే. కానీ అక్కడ వారం వారం శిక్షకుల తరగతి, ఇంట్లో రోజూ ముప్పావు గంట సాధన ఉన్నాయి. పైగా వాళ్లు వైద్యుల పర్యవేక్షణలో ఉన్నారు. ధ్యానం మధ్యలో భయం, నిద్రలేమి, వింత ఆలోచనలు మొదలైతే సాధన ఆపి డాక్టర్ని కలవండి. టెలిమానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనే మాట్లాడొచ్చు.

పదో తరగతి పిల్లలను బలవంతంగా కూర్చోబెట్టాలనుకుంటే ఒక్క మాట. బ్రిటన్‌లో 85 బడుల్లో, ఎనిమిది వేల మందికి పైగా పిల్లలతో చేసిన పెద్ద పరీక్ష ఫలితాలు 2022లో వచ్చాయి. బడిలో ధ్యానపాఠాలు నేర్పినందువల్ల వాళ్ల మానసిక ఆరోగ్యం మామూలు పిల్లలకన్నా ఏమీ మెరుగుపడలేదు. చాలామంది ఇంట్లో సాధనే చేయలేదట. ఇష్టం లేనిది ఎవరు చేస్తారు?

ఇద్దరు కూర్చుని చేసే సాధన

లైప్‌జిగ్ పరిశోధనలో ఒక సాధన మన ఇళ్లకు బాగా పనికొస్తుంది. రోజూ పది నిమిషాలు, ఇద్దరు. ఒకరు ఆ రోజు తమను బాధపెట్టిన సంగతొకటి, సంతోషపెట్టిన సంగతొకటి చెప్తారు. అప్పుడు ఒంట్లో ఎలా అనిపించిందో కూడా చెప్తారు: గొంతు బిగుసుకుందా, గుండె తేలికైందా. రెండోవారు కేవలం వింటారు. సలహా లేదు, ‘నేను ముందే చెప్పా’ లేదు, ఊ కొట్టడం కూడా లేదు. తర్వాత వంతు మారుతుంది. అక్కడివాళ్లు దీన్ని ఎక్కువగా ఫోన్లోనే చేశారు. కాబట్టి దుబాయ్‌లో ఉన్న భర్తతోనో, అమెరికాలో ఉన్న కొడుకుతోనో వీడియో కాల్‌లో కూడా చేయొచ్చు. ‘తిన్నారా, పడుకున్నారా’లతో అయిపోయే ఫోన్‌కు ఒక పది నిమిషాలు కలపడమే. ఐదు నిమిషాలు వాళ్లవి, ఐదు మీవి. ఆ పది నిమిషాలూ టీవీ ఆపేయండి.