కాటాకు ఎక్కని సరుకు: గట్టు చెట్లకు కార్బన్ ధర గిట్టేనా?

ఆదోని యార్డులో పత్తికి తేమ చూస్తారు, పాట పాడతారు, తూకం వేస్తారు. ఎమ్మిగనూరు రైతు వేరుసెనగ కాయను నలిపి గింజ చూపించి బేరమాడగలడు. ‘కార్బన్ క్రెడిట్’ అనే సరుకు మాత్రం కంటికి కనిపించదు, కాటాకు ఎక్కదు. పొలంలో చెట్లు పెంచితే దానిపై ఏటా సొమ్ము ముడుతుందనే మాట వినేవారు ముందుగా కొలత సంగతి తెలుసుకోవడం మంచిది.

నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తున మాను చుట్టుకొలత తీస్తారు. జాతిని బట్టి బరువు కడతారు. పచ్చి బరువు కాదు, ఎండు బరువు. తేమ తరుగు ఎరిగిన పత్తి వర్తకులకు ఈ తేడా చెప్పనక్కరలేదు. అందులో దాదాపు 47 శాతం కార్బన్. దానిని 3.67తో హెచ్చిస్తే చెట్టు గాలి నుంచి లాగిన బొగ్గుపులుసు వాయువు బరువు వస్తుంది. 100 కిలోల ఎండు బరువున్న వేపకు ఇది సుమారు 172 కిలోలు. ఒక క్రెడిట్ అంటే ఒక టన్ను, కనుక అటువంటి చెట్లు ఆరు కావాలి. ఆ బరువు పదేళ్లలో వచ్చినదైతే, ఏడాదికి ఒక క్రెడిట్ రావడానికి దాదాపు 60 చెట్లు కావాలి. ఎకరాకు గట్ల మీద 20 చెట్లు నిలిపిన రైతుకు మూడెకరాల మీద ఏడాదికి ఒక్క క్రెడిట్! వేళ్ల బరువు కలిపితే కాస్త పెరుగుతుంది. తాతల నాటి చింతచెట్టు ఉన్నంత మాత్రాన లాభం లేదు. పథకం వల్ల అదనంగా పెరిగినదే లెక్క. నీడ పడిన సాళ్లలో తగ్గే పత్తిని మాత్రం ఈ పద్దులో ఎవరూ రాయరు.

కొలతకు, తనిఖీకి అయ్యే ఖర్చు చిన్న కమతం మోయలేదు. వందల మంది రైతులను ఒకే పద్దు కింద చేర్చక తప్పదు. ఖమ్మం జిల్లాలో ఐ.టి.సి. సామాజిక అడవుల పథకం అట్లాగే సుమారు 3 వేల హెక్టార్లతో 2009లో ఐక్యరాజ్యసమితి యంత్రాంగం కింద నమోదయింది. అయితే ఆ విధానంలో అడవుల క్రెడిట్లు తాత్కాలికమైనవి, గడువు తీరాక చెల్లవు. యూరప్ మార్కెట్టు వాటిని అంగీకరించలేదు. అక్కడి రైతుకు కలప కొనే కాగితపు మిల్లు దగ్గరలో ఉన్నది. ఆదోని మిల్లులకు కావలసినది పత్తి, నూనెగింజలు గాని జామాయిల్ కలప కాదు.

ప్రభుత్వ విధానం కొరత కాదు. చెట్లతో సేద్యానికి జాతీయ విధానం 2014లోనే వచ్చింది. ప్రపంచంలో అటువంటిది అదే మొదటిది. చెట్టు కొట్టడానికి, రవాణాకు కావలసిన అనుమతులే పెద్ద అడ్డంకి అని అందులో గుర్తించారు. పొలంలోని చెట్ల నరికివేతకు నమూనా నిబంధనలను కేంద్రం రాష్ట్రాలకు పంపింది మాత్రం 2025 జూన్‌లో. వ్యవసాయ కార్బన్ మార్కెట్టుకు మార్గదర్శకాలు 2024 జనవరిలో వెలువడ్డాయి.

ఒప్పందంపై సంతకం చేసే రైతు చూడవలసినది ధర ఒక్కటే కాదు. కొలత ఖర్చు ఎవరిది, ఎన్నేళ్లు చెట్టు కొట్టకూడదు, కలప హక్కు ఎవరిది? అన్నిటికంటే ముఖ్యం కరువు సంగతి. వేరుసెనగ ఎండితే ఆ ఏటి పంటే పోతుంది. చెట్టు ఎండితే వెనుకటి ఏళ్ల క్రెడిట్లకు కూడా లెక్క చెప్పవలసి రావచ్చు. ఆ నష్టం ఎవరి ఖాతాలో పడుతుందో కాగితం మీద స్పష్టంగా ఉండాలి.