రాకెట్ కడుపులో పెనుగాలి

కుంపట్లో బొగ్గుల మీద విసనకర్రతో విసిరితే భగ్గున రాజుకుంటాయి. ఘన ఇంధన రాకెట్లోనూ దాదాపు ఇదే తంతు. కాకపోతే అక్కడ విసిరేది బయటి గాలి కాదు, ఆ మంటలోంచి పుట్టిన వాయువే!

2023 జులై 14న శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3ని మోసుకెళ్లిన ఎల్‌వీఎం3కి అటూ ఇటూ ఉన్న ఎస్200 బూస్టర్లనే తీసుకోండి. ఒక్కోదాంట్లో 200 టన్నులకు పైగా ఇంధనం. అమ్మోనియం పెర్‌క్లోరేట్, అల్యూమినియం పొడి, రబ్బరు లాంటి జిగురు కలిపి పోత పోసిన ముద్ద అది. మధ్యలో పొడవునా బోలు. మంట ఆ బోలు గోడకి అంటుకుని బయటివైపు పాకుతుంది.

పైన పుట్టిన వాయువు కిందున్న నాజిల్ వైపు దూసుకెళ్తుంది. దారిపొడవునా కొత్త వాయువు తోడవడంతో వేగం పెరుగుతూ పోతుంది. ఆ ఉరవడికి మంట వేడి గోడకి మరింత జోరుగా సోకి, నాజిల్ దగ్గరి ఇంధనం తొందరగా తరిగిపోతుంది. ఇదే ‘ఎరోజివ్ బర్నింగ్’. బోలు ఇంకా ఇరుగ్గా ఉండే తొలి క్షణాల్లోనే బెడద ఎక్కువ. లోపలి పీడనం లెక్క తప్పితే కేసింగే పగిలిపోవచ్చు. అందుకే నాజిల్ వైపు బోలును వెడల్పుగా ఉంచుతారు. స్పేస్ షటిల్ బూస్టర్ల అడుగు భాగంలోనూ బోలు శంఖువు ఆకారంలోనే ఉండేది.

అయినా కాగితం మీది లెక్కల్ని ఎవరూ గుడ్డిగా నమ్మరు. ఎస్200ని ఎగరేయడానికి ముందు, 2010 జనవరి 24న శ్రీహరికోటలో నేలమీదే బిగించి తొలిసారి మండించి చూశారు.