పావురాలు, ఒంటెలు, దయ్యాల నాట్యం

కాశీ ఘట్టాల మీద పావురాల గుంపు ఒక్కసారిగా ఆకాశానికి లేవాలి. ‘అపరాజితో’ చిత్రంలో హరిహరుడు ప్రాణం విడిచే క్షణానికి ఆ దృశ్యం అవసరం. పావురాలు దర్శకుని ఆజ్ఞ వినవు గనుక వాటిని లేపడానికి టపాకాయలు తెచ్చారు. వత్తికి నిప్పు అంటించారు. అది పేలడానికి ఇంకా అర నిమిషం ఉందనగా సహాయకులలో ఒకాయన గాలిలో చేతులు ఊపుతూ కంగారుగా సైగలు చేయసాగాడు. ఏదో పొరపాటు జరిగిందని అందరికీ తెలిసింది గాని, అదేమిటో తెలిసేలోగా టపాకాయ పేలింది. పావురాలు అద్భుతంగా నటించాయి. కెమెరా మాత్రం తిరగలేదు. మోటారుకు బ్యాటరీ తగిలించలేదు! అదృష్టం కొద్దీ ఆ పక్షులు మూడు నాలుగు చుట్లు తిరిగి, మళ్ళీ తమ చోటికే వచ్చి వాలాయి. రెండవ టపాకాయ సిద్ధంగా ఉంది.

సత్యజిత్ రాయ్ తన కాశీ దినచర్యలో వ్రాసికొన్న ముచ్చట ఇది. తరువాత 1976లో వెలువడిన ఆయన ఇంగ్లీషు వ్యాస సంపుటి ‘అవర్ ఫిల్మ్స్, దెయిర్ ఫిల్మ్స్’లో చేరింది. తెర మీద ఆ పావురాలు లేచినప్పుడు గుండె ఝల్లుమంటుంది. తెర వెనుక జరిగినది మాత్రం శుద్ధ ప్రహసనం. ఈ రెండింటినీ ఒకే మనిషి ఒకే నిదానంతో చూడగలగడమే నన్ను ఆయన వచనం వైపు లాగింది.

‘పథేర్ పాంచాలీ’ చూచి కన్నీరు పెట్టుకొన్నవారికి ఆ ఆజానుబాహువు, ఆ గంభీర స్వరం, ఆ పైపు మాత్రమే జ్ఞాపకం ఉంటాయి. ఆయన నవ్వుల వంశంలో పుట్టాడన్న సంగతి బెంగాలు వెలుపల తెలిసినవారు తక్కువ. తాత ఉపేంద్రకిశోర్ 1913లో పిల్లల కోసం ‘సందేశ్’ పత్రిక స్థాపించాడు. బెంగాలీలో సందేశ్ అంటే వార్త. పాలవిరుగుడుతో చేసే మిఠాయి కూడా. తండ్రి సుకుమార్ రాయ్ బెంగాలీ బాలల నాలుక మీద నేటికీ ఆడే వింత గేయాల కవి. ఆయన ‘ఆబోల్ తాబోల్’ 1923లో, ఆయన కన్ను మూసిన కొద్ది రోజులకే అచ్చయి వచ్చింది. అప్పటికి సత్యజిత్‌కు రెండేళ్ళు నిండి కొన్ని నెలలు మాత్రమే.

ఆగిపోయిన ఆ పత్రికను 1961లో సత్యజిత్ మళ్ళీ బ్రతికించాడు. పిల్లలకోసం ఆయన చెప్పిన చిత్రీకరణ కబుర్లు 1979లో ‘ఏకేయి బోలే షూటింగ్’ అనే పుస్తకంగా వచ్చాయి. ‘షూటింగ్ అంటే ఇదీ!’ అన్నమాట. ఆ పేరులోనే ఒక నిట్టూర్పు, ఒక చిరునవ్వు ఉన్నాయి.

‘పథేర్ పాంచాలీ’ చిత్రీకరణ 1952 అక్టోబరులో తెల్లని రెల్లుపూల పొలంలో మొదలయింది. ఒక ఆదివారం కొంత తీశారు. మరుసటి వారం వెళ్ళి చూస్తే పూలు లేవు, పశువులు మేసిపోయాయి! మళ్ళీ పూయడానికి ఏడాది ఆగవలసి వచ్చింది. మిఠాయివాని వెంట పిల్లలు, పిల్లల వెంట కుక్క నడిచే దృశ్యం మీకు గుర్తుండవచ్చు. ఆ కుక్క ఎంత పిలిచినా కదలలేదు. చివరకు దుర్గ పాత్రధారిణి చేతికి ఒక మిఠాయి ఇచ్చి, వెనుకకు పెట్టుకొని నడువమన్నారు. తాతగారి పత్రిక పేరుగల ఆ మిఠాయి కోసమే కుక్క ‘నటించింది’. డబ్బు చాలక పని నెలల తరబడి ఆగిపోగా, మధ్యలో ఆ కుక్క చనిపోయింది. మిఠాయివాని వేషం వేసినాయన కూడా మరణించాడు. పోలికగల మరొక కుక్కను వెదికారు. అలాంటి శరీరంగల మరొక మనిషిని వీపు మాత్రమే కనిపించేలా నడిపించారు. పిల్లలకు చెప్పే కథలో ఈ చావులను ఆయన దాచిపెట్టలేదు, వాటి మీద కన్నీరు కార్చనూ లేదు. చివరకు పశ్చిమ బెంగాలు ప్రభుత్వం డబ్బిచ్చి ఆదుకొన్నది. సినిమా పేరులో ‘పథం’ ఉన్నందువల్ల ఆ సొమ్మును రోడ్ల అభివృద్ధి పద్దు క్రింద వ్రాశారని ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకొంటారు.

ఇక ఆయన ప్రయాణాలు. 1950లో ప్రకటనల సంస్థ ఉద్యోగిగా భార్యతో ఓడ ఎక్కి లండన్ వెళ్ళి, ఉన్న కొద్ది నెలలలో వందకు ఒకటి తక్కువగా సినిమాలు చూశాడు. అందులో ‘బైసికిల్ థీవ్స్’ ఒకటి. తిరుగు ఓడలోనే తన తొలి చిత్రానికి రూపురేఖలు గీసికొన్నాడు. ఇది సఫలమైన యాత్ర. ఆయన హాస్యానికి ఎక్కువ పదును పెట్టినది మాత్రం విఫలమైన మరొక యాత్ర.

1967లో ఆయన ‘ది ఏలియన్’ అనే స్క్రిప్టు వ్రాశాడు. బెంగాలు పల్లెలో తామరకొలనులోకి ఒక ఆకాశనౌక దిగుతుంది. దానిలోని చిన్న జీవి ఒక పేద బాలునికి స్నేహితుడవుతుంది. శ్రీలంకలో స్థిరపడిన మైక్ విల్సన్ మధ్యవర్తిగా హాలీవుడ్‌లో కొలంబియా సంస్థతో సంప్రదింపులు నడిచాయి. మార్వాడీ వ్యాపారి పాత్రకు పీటర్ సెల్లర్స్‌ను అనుకొన్నారు. రాయ్ లాస్ ఏంజెలిస్ వెళ్ళాడు. అక్కడ తన స్క్రిప్టు ప్రతులు చేతులు మారుతున్నాయి. వాటి మీద హక్కుదారులుగా రెండు పేర్లు ఉన్నాయి. అందులో ఒకటి విల్సన్‌ది! చివరకు సెల్లర్స్ తప్పుకొన్నాడు, చిత్రం ఆగిపోయింది. ఆ తరువాత ఆర్థర్ సి. క్లార్క్ నుండి ఒక ఉత్తరం వచ్చింది: విల్సన్ గుండు చేయించుకొని, సన్యాసియై, దక్షిణ భారతపు అడవులలో తపస్సుకు వెళ్ళాడట. హక్కులు వదలుకొంటున్నట్లు ఆ సన్యాసి వద్దనుండి కూడా ఒక చిన్న జాబు అందింది. 1980లో రాయ్ ఈ ఉదంతమంతా ‘స్టేట్స్‌మన్’ పత్రికలో వ్రాశాడు. ఎక్కడా గొంతు పెంచలేదు. ఇంద్రజాలం చూచి వచ్చినవాడు దానిని వర్ణించినట్లు ఉంటుంది ఆ కథనం. రెండేళ్ళకు ‘ఇ.టి.’ విడుదలయినప్పుడు ఆ పోలికలు చాలామందికి కనిపించాయి. స్పీల్‌బర్గ్ మాత్రం కాదన్నాడు.

హాలీవుడ్ తలుపు మూసికొంటున్న ఆ రోజులలోనే ఆయన ఇంటి పెట్టెలో నుండి తాతగారి కథ ఒకటి తీశాడు. పెద్దలకోసం దుఃఖపు సినిమాలు తీయడం చాలించి, పిల్లలకోసం ఒకటి తీయమని కొడుకు సందీప్ అడుగుతున్నాడు. అలా 1969లో ‘గోపీ గాయెన్ బాఘా బాయెన్’ వచ్చింది. గోపీకి పాట రాదు, బాఘాకు డోలు రాదు. ఇద్దరినీ ఊళ్ళ నుండి తరిమివేస్తారు. అడవిలో దయ్యాల రాజు మూడు వరాలిస్తాడు: చప్పట్లు కొడితే కోరిన తిండి, బట్ట, తొడిగితే కోరిన ఊరికి చేర్చే చెప్పులు, విన్నవారు కొయ్యబారిపోయే సంగీతం. ఆ దయ్యాల రాజు గొంతు రాయ్‌దే.

ఆ చెప్పుల వల్ల దర్శకునికి వచ్చిన కష్టాలు ఇన్నీ అన్నీ కావు. పేరు మరచిపోయిన కథానాయకులు ఒక చప్పట్లో మంచుకొండల మీద, మరొక చప్పట్లో ఎడారిలో పడతారు. వారికి క్షణం పట్టిన ప్రయాణం యూనిట్‌కు సిమ్లా దగ్గరి కుఫ్రీ నుండి జైసల్మేర్ దాకా రైళ్ళు, పెట్టెలు, పరుపుచుట్టలు. జైసల్మేర్‌లో సైన్యానికి వేయి ఒంటెలను పోగుచేశారు. వెదురుపొదలో పులి కోసం సర్కస్ పులిని తెచ్చి, మెడకు సన్నని తీగ కట్టారు. పంజరం నుండి దూకిన పులి శిక్షకుణ్ణే ఈడ్చుకొని తిరిగింది. ఎలాగో తీశారు; ఫిల్ము కడిగి చూస్తే పనికిరాలేదు. రెండవసారి, ‘పథేర్ పాంచాలీ’ తీసిన బోడాల్ గ్రామంలో, ఊరంతా వినోదం చూడ వచ్చింది. పులి వారివైపు ఒక్క గంతు వేసింది. మరుక్షణంలో అక్కడ ఒక్కరూ లేరు.

అయితే ఈ చిత్రంలో నాకు ముఖ్యమనిపించేది సంగీతం. మన పద్యనాటకాలలో కథానాయకుడు రాగాలాపన అందుకొంటే శత్రువు కత్తి ఎత్తినవాడు ఎత్తినట్లే నిలబడతాడు. ‘వన్స్ మోర్’ అంటే మళ్ళీ నిలబడతాడు. ప్రేక్షకులు దానిని తప్పుగా ఎన్నడూ ఎంచలేదు. కథ నడుస్తూండగా పాట వచ్చి దానిని ఆపివేయడం గురించి రాయ్ 1967లో హిందీ సినిమా పాటల మీద ఒక వ్యాసమే వ్రాశాడు. రెండేళ్ళకు తన చిత్రంలో ఆ ఆక్షేపణనే వరంగా మార్చాడు. ఇక్కడ పాట కథను ఆపదు, శత్రువును ఆపుతుంది. ఆకలితో ఉన్న సైనికుల ముందు ఆకాశం నుండి మిఠాయి కుండలు దిగుతాయి. ఒంటెల మీది సైన్యం యుద్ధం మరచి వాటి మీద పడుతుంది. పాట మొదలైనప్పుడు ఎవరూ కదలకపోవడానికి ఇంతకంటె మంచి కారణం మరే సంగీత నాటకంలోనూ నేను చూడలేదు.

దయ్యాల నాట్యం ఆరు నిమిషాలకు పైగా సాగుతుంది. నాలుగు తెగల దయ్యాలు: రాజులు, రైతులు, తెల్లదొరలు, బొజ్జలవారు. పాట లేదు, తాళవాద్యాలే మాట్లాడతాయి. దక్షిణాది తాళవాద్య కచేరీ విని ముగ్ధుడైన ఆ బెంగాలీ, రాజులకు శాస్త్రీయమైన మృదంగం ఇచ్చాడు. రైతులకు కంజిర, దొరలకు బిగుసుకొన్న ధ్వనిగల ఘటం, బొజ్జలవారికి మోర్సింగ్. కచేరీలలో తని ఆవర్తనం రాగానే కాఫీకి లేచిపోయే మన రసికులు ఈ ఆరు నిమిషాలూ తప్పక చూడాలి.

ఉత్తమ చిత్రంగా దానికి రాష్ట్రపతి స్వర్ణపతకం లభించింది. 1980లో దానికి కొనసాగింపుగా ‘హీరక్ రాజార్ దేశే’ వచ్చింది. అనువాదకుని నిద్ర చెడగొట్టే చిత్రం అది. రాజు, మంత్రులు, ఆస్థానం అంతా అంత్యప్రాసలలోనే మాట్లాడతారు. జనుల బుర్రలు కడిగే యంత్రం ఒకటి ఉంటుంది. దానిలో నుండి వచ్చినవారు రాజు కట్టించిన జంటపాదాలనే జీవితమంతా వల్లిస్తారు. ఒక్క బడిపంతులు, సౌమిత్ర చటర్జీ ధరించిన పాత్ర, మామూలు వచనంలో మాట్లాడతాడు. బడి మూయించి, పుస్తకాలు తగులబెట్టించినా అతని మాటలో ప్రాస పడదు. ఉపశీర్షికలలో ఈ తేడా కొట్టుకొనిపోతుంది, తెలుగులో నిలపవచ్చు. ప్రాసకు మనకు కొదువలేదు. చిక్కు పంతులుతోనే. అంత ప్రాస మధ్య అతని సాదా వాక్యం పేలవంగా వినిపించకూడదు. గాలి పీల్చుకొన్నట్లు వినిపించాలి.

చివరకు రాజును ఆ యంత్రంలోకే త్రోస్తారు. ఊరి నడుమ అతని మహా విగ్రహానికి త్రాళ్ళు కట్టి జనం లాగుతూంటారు. బుర్ర కడగబడిన రాజు బయటకు పరుగెత్తి వచ్చి, తానూ ఒక త్రాడు పట్టుకొని, అందరితోపాటు ప్రాసలో అరుస్తూ లాగుతాడు.