రాచపుండును పట్టియిచ్చు విద్యుత్తు

ఆత్మకూర్‌కు చేరువలో, కృష్ణానదిపై నున్న జూరాల ఆనకట్టకడ పుట్టు విద్యుత్తు సెకనుకు 50 మారులు ముందువెనుకలకు ఊగుచుండును. ఇంటిలో దీపము వెలుగుటయు, పొలములో మోటారు తిరుగుటయు ఆ ఊపుతోనే. మెదడులో పుట్టు ఘోరమైన రాచపుండు గ్లియోబ్లాస్టోమా. దాని చికిత్సకు వాడు విద్యుత్ క్షేత్రమో, సెకనుకు 2,00,000 మారులు ఊగును. జూరాల విద్యుత్తుకంటె నాలుగువేల రెట్లు. ఇంత త్వరితమైన ఊపును నరములు గుర్తింపజాలవు గనుక రోగికి షాకు తగులదు. గొరిగిన తలపై అంటించిన పలకల క్రింద చర్మము కందుట మాత్రము కలదు.

ఈ పద్ధతికి మూలపురుషుడు ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞుడు యోరమ్ పాల్టీ. ఉల్లివేరు కొనను సూక్ష్మదర్శినిలో చూచిన విద్యార్థులు ఆయన వివరణను సులభముగా గ్రహింతురు. కణము రెండగునపుడు క్రోమోజోములను చెరియొక వైపునకు లాగునవి కండె పోగులు. ఆ పోగులకు ఇటుకలవంటివి ట్యూబులిన్ అణువులు. విద్యుత్ క్షేత్రము వానిని తన దిశకు త్రిప్పుకొనగా పోగు సరిగా అల్లుకొనదు, విభజన చెడును. ఎదిగిన నాడీకణములు విభజన చెందవు గనుక చాలవరకు తప్పించుకొనును.

అమెరికాలో దీనికి 2011లో అనుమతి లభించినది. 695 మందిపై జరిగిన పరిశీలనలో, మందు మాత్రమే వాడినవారి మధ్యస్థ ఆయువు 16 నెలలు. క్షేత్రము తోడైనవారికి 20.9 నెలలు. దినమునకు 18 గంటలు పరికరమును మోసినందుకు దక్కిన ఫలమిది. ఐదు నెలలు స్వల్పమని ఆరోగ్యవంతుడు తలపవచ్చును. రోగి ఇంటివారు అట్లు తలపరు. రెండవ గుంపువారికి ఉత్తుత్తి పరికరమైనను తగిలింపలేదన్న ఆక్షేపణ మాత్రము న్యాయమైనదే.

అసలు వింత విభజన చెడిన తరువాత జరుగును. కేంద్రకములో ఉండవలసిన డి.ఎన్.ఏ. తునకలు వెలుపలి కణద్రవ్యములో పడును. అక్కడ డి.ఎన్.ఏ. కనబడినచో వైరసు చొరబడినదని కణము శంకించును. కాపలాయున్న సి-గ్యాస్ అను ప్రోటీను, స్టింగ్ అను మరియొకదానిని తట్టిలేపును, ఇంటర్‌ఫెరానులు వెలువడును, రక్షకభటులైన టి-కణములకు కబురందును. అంతవరకు మాటుమణిగి యున్న రాచపుండు ఇట్లు పట్టుబడును. ఫ్లారిడా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2022లో దీనిని ప్రకటించిరి. క్షేత్రమునకు గురియైన గడ్డకణములను టీకావలె ఎక్కించగా, ఎలుకలు కొన్ని రోగమును జయించినవి.

ఎలుక మనిషి కాదు. అయినను ఊపిరితిత్తుల రాచపుండుగల 276 మందిపై జరిగిన పరీక్ష ఆ దిశకే చూపుచున్నది. వారిలో, రోగనిరోధక శక్తికి పగ్గములు విప్పు మందుతోపాటు క్షేత్రమును పొందినవారి మధ్యస్థ ఆయువు 18.5 నెలలు, ఆ మందు మాత్రమే పొందినవారికి 10.8 నెలలు. 2024లో ఈ వాడుకకును అమెరికాలో అనుమతి వచ్చినది.

చిక్కులును లేకపోలేదు. టి-కణములు కూడ పెరుగుటకు విభజన చెందవలసినవే; ఆ సమయమున క్షేత్రము వానిని సైతము దెబ్బతీయునని ప్రయోగశాలలో కనబడినది. విభజన చెందని టి-కణములు మాత్రము తమ పని చేయుచునే యుండెను. మెదడు వాపును తగ్గించుటకు ఇచ్చు డెక్సామెథసోన్ అను స్టిరాయిడు మందు మరియొక చిక్కు. అది టి-కణములను నిద్రపుచ్చును. ఆ మందును ఎక్కువ మోతాదులో వాడిన రోగులకు క్షేత్రమువలన కలిగిన మేలు తక్కువయని లెక్కలు తేల్చినవి. వాపు ముదిరిన రోగికి ఆ మందును మానుటకును వీలులేదు. ఎంత తగ్గింపవచ్చునో వైద్యుడు దినదినము తూచుకొనవలసియున్నది.